నామం తెగకూడదు

ఆయన పోయిన సంగతి నాకు చెప్పింది మా వీధి చివర పూలమ్మే ఆమె. "సామి పోయినాడంట మాస్టరూ. పీట మీద కూర్చున్నోడు కూర్చున్నట్లే పోయినాడంట. నోట్లో నామం ఉండంగానే పానం పోయిందంట" అని కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

ఆ రోజు హిందూపురంలో సగం అంగళ్ళు మూసేశారు. భజన చేసుకుంటూ, పూలు చల్లుకుంటూ ఆయన్ను నా కుట్టు అంగడి ముందు నుంచే తీసుకుపోయారు. ఎవరో వచ్చి, "మాస్టరూ, నువ్వు రాకుంటే ఎట్లప్పా? ఆయన పాటకు పెట్టె వాయించినోడివి" అని చెయ్యి పట్టుకుని లాగారు. నేను పోలేదు. గడప దగ్గర నిలబడి చూశాను. దండం పెట్టడానికి చేతులు లేవలేదు. అట్లని మొహం తిప్పుకోవడానికీ మనసు రాలేదు. ఎనిమిదేండ్లు ఆ గొంతు పక్కనే కూర్చున్నవాణ్ణి.

పెట్టె అంటే హార్మోనియం. మా వైపు అందరూ అట్లాగే అంటారు. పగలంతా బట్టలు కుట్టి, పొద్దు వాలినాక భజనలో పెట్టె వాయించేవాణ్ణి. ఆయనకు బెల్లం మండీ ఉండేది. మండీలో పని ముగించుకుని, స్నానం చేసి, పట్టుపంచె కట్టుకుని, రెండు చేతుల్లో చిడతలు పట్టుకుని వచ్చేవాడు. ఇత్తడి బిళ్ళలు తాపించిన కొయ్య చిడతలు. అందరి చిడతలూ తేలికగా ఉంటే ఆయనవి మాత్రం టేకుతో చేయించినవి, రెట్టింపు బరువు. వాటిని మోగించడానికి ఆయనకున్నంత మణికట్టు బలం మా గుంపులో ఇంకెవరికీ లేదు.

గొంతు గురించి అబద్ధం చెప్పలేను. ఆయన "రామా" అని ఎత్తుకుంటే నా వేళ్ళు వాటంతట అవే పెట్టె మెట్ల మీదికి పోయేవి. పైస్థాయికి పోయినప్పుడు ఆ గొంతు ఒక చోట కొంచెం జీరబోయేది. అక్కడ ఆడవాళ్ళు ఏడ్చేవాళ్ళు. ఆయన కూడా ఏడ్చేవాడు. కన్నీళ్ళు చెంపల మీద నుంచి కారి గడ్డంలోకి ఇంకిపోయేవి. అది నటన కాదు. ఎనిమిదేండ్లలో ఒక్కరోజు కూడా అది నటన అని నాకు అనిపించలేదు.

ఎండాకాలంలో దేవుడి పటం మీద తడిగుడ్డ కప్పి, వట్టివేళ్ళ విసనకర్రతో విసిరేవాడు. "ఉడకగా ఉండాదా సామీ? ఇంగ కొంచెం సేపు ఓర్చుకో" అని పసిబిడ్డతో మాట్లాడినట్లు మాట్లాడేవాడు. చాప పరిచే చోట చీమలు కనిపిస్తే వంగి, మెల్లగా ఊది, అవి పక్కకు తొలిగేదాకా కాచుకునేవాడు. "వీటిలో కూడా ఉండేది ఆయప్పేనప్పా" అనేవాడు. మేము ఆ మాట విని తలలూపేవాళ్ళం.

ఒకనాడు మండీలో బెల్లం మూట దించుతూ ఒక హమాలీ కాలు జారాడు. పడకుండా ఆపుకోవడానికి చెయ్యి గోడకు ఆనించాడు. ఆ గోడలో దేవుడి గూడు ఉంది. వాని చెమట చెయ్యి పటానికి తగిలింది. ఆయన గద్దె మీద నుంచి లేచి వచ్చి, మూట ఇంకా వీపు మీద ఉండగానే వాణ్ణి కొట్టాడు. గూట్లో పెట్టుకున్న చిడతలతో, తల మీద. మూటతో సహా వాడు బోర్లా పడ్డాడు. పడిన తర్వాత కూడా కొట్టాడు. నేను అంగీ కొలతలకని పోయి అక్కడే కూర్చుని ఉన్నాను. నా కాళ్ళ దాకా రక్తం చారలుగా వచ్చింది. ఆయన స్నానం చేసి వచ్చి, పటాన్ని పసుపునీళ్ళతో కడిగి, "బయపడినావా సామీ?" అని అడిగాడు, పటాన్ని. ఆ సాయంత్రం ఆయన పాడినంత బాగా అంతకుముందు ఎన్నడూ పాడలేదు. నేను అంత బాగా వాయించిందీ ఆ రోజే.

ఆ చిడతల దెబ్బ ఒకసారి నాకూ పడింది. ధర్మవరంలో ఒక ఏకాదశి నాడు భజన మధ్యలో ఎవరో తెలిసినవాళ్ళు కనిపిస్తే చూస్తూ శ్రుతి తప్పాను. కనుబొమ్మ చిట్లింది. రక్తం కంట్లోకి కారుతుంటే ఒక్క కంటితో చూస్తూ వాయించాను. హారతి అయిన తర్వాత ఆయనే వచ్చి గాయానికి పసుపు అద్దాడు. తల్లి అద్దినట్లు అద్దాడు. "నేను కొట్టేటోణ్ణా మాస్టరూ? నీ పరధ్యానాన్ని సామి కొట్టినాడు" అన్నాడు. నేను అవునన్నాను. నిజంగానే అవుననుకున్నాను.

ఆ రోజు నా పక్కన కూర్చుని మద్దెల వాయించినవాడు కదిరప్ప. ధర్మవరంలోనే పట్టుచీరలు నేసేవాడు. ముప్పై ఏండ్లుంటాయేమో. బక్కమనిషి, మాట తక్కువ. మగ్గం మీద పోగు తెగితే కంటితో చూడకుండా వేళ్ళతోనే వెతికి పట్టుకుని అతికేవాడు. అవే వేళ్ళు మద్దెల మీద పడితే భజనలో కూర్చున్నవాళ్ళు తెలియకుండానే ఊగిపోయేవాళ్ళు. మేము ఆ వైపు ఎక్కడికి పోయినా రైలెక్కి వచ్చి కలిసేవాడు. నన్ను అన్నా అని పిలిచేవాడు.

అవి రెండో ప్రపంచ యుద్ధం రోజులు. పట్టునూలు దొరక్క ధర్మవరంలో మగ్గాలు సగం నిలిచిపోయాయి. దానికి తోడు వరసగా రెండేండ్లు వానల్లేవు. పెనుకొండలో పెద్దమనుషులు కూడి, వాన కోసం ఏడు రోజుల సప్తాహం చేయించాలని ఆయన్ను పిలిచారు. దీపం చుట్టూ తిరుగుతూ ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు నామం చెప్పాలి. వంతులవారీగా మనుషులు మారవచ్చు, నామం మాత్రం ఒక్క క్షణం కూడా తెగకూడదు. తెగితే ఫలం పోతుందని ఆయన మొదటి రోజే అందరితో చెప్పాడు. వంతులో ఉన్నవాళ్ళు మంచినీళ్ళు కూడా ముట్టకూడదని ఇంకొక నియమం పెట్టాడు.

గుడి ముందు తాటాకుల పందిరి. పందిరి గుంజ పక్కన మూడు బిందెల నీళ్ళు. ఊళ్ళో బావులు ఎండిపోతే రెండు మైళ్ళ అవతల నుంచి మోయించిన నీళ్ళు, సాయంత్రం దేవుడి అభిషేకానికి. ఐదో రోజు మిట్టమధ్యాహ్నం వంతు మాది. కదిరప్పకు ముందు రోజు నుంచే జ్వరం. పెదవులు పగిలి ఉన్నాయి. అయినా దరువు తప్పలేదు. ఆయన దీపం చుట్టూ తిరుగుతున్నాడు, ఆయన వెనక ఇరవై మంది తిరుగుతున్నారు.

అప్పుడు వచ్చింది ఆ ముసలమ్మ. కొండ వైపు నుంచి కట్టెలమోపు మోసుకొచ్చి పందిరి బయట దించింది. నీడ కోసం లోపలికి జరిగింది. కొంచెం సేపు భజన చూసింది. చేతులెత్తి మొక్కింది కూడా. తర్వాత బిందె దగ్గర వంగి, దోసిలితో ముంచుకుని తాగింది. మళ్ళీ ముంచింది.

ఆయన తిరుగుతూనే చూశాడు. పాట ఆపలేదు. వరస లోంచి బయటికి నడిచాడు. "రామ" అన్నప్పుడు ఒక దెబ్బ. మళ్ళీ "రామ" అన్నప్పుడు ఇంకొకటి. మొదటిది వీపు మీద, రెండోది చెవి మీద. ముసలమ్మ అరవలేదు. దోసిట్లో నీళ్ళు కారిపోకుండా చేతులు రొమ్ముకు అదుముకుని కూలబడింది. ఆయన పాడుతూనే కొట్టాడు. బిళ్ళలు గల్లుమంటున్నాయి. తాళం ఒక్కచోట కూడా తప్పలేదు. తెల్లజుట్టు ఎర్రబడింది. దీపం చుట్టూ తిరిగేవాళ్ళలో కొందరు చూశారు. చూసి, కళ్ళు మూసుకుని ఇంకా గట్టిగా పాడారు.

కదిరప్ప నా వైపు వంగాడు. "అన్నా, నా దరువు మీద పడతాండాయి దెబ్బలు" అన్నాడు.

"కొట్టు కదిరప్పా. నామం తెగుతాది" అన్నాను నేను.

"నేను కొడితేనే ఆయప్ప కొడతాండాడన్నా. ఇను."

విన్నాను. నిజమే. మద్దెల మీద అతని చెయ్యి ఎక్కడ పడితే ముసలమ్మ ఒంటి మీద దెబ్బ అక్కడ పడుతోంది. కదిరప్ప రెండు చేతులూ మద్దెల మీద పెట్టి దాని మోత అణిచేశాడు.

దరువు ఆగేసరికి తిరిగేవాళ్ళ అడుగులు తడబడ్డాయి. ఒకరి మీద ఒకరు పడ్డారు. పాట పలచబడి, ఇద్దరు ముగ్గురి గొంతులే మిగిలాయి. ఆయన వెనక్కి తిరిగాడు. ఆ ముఖం నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్లుంది. కోపం కంటే భయమే ఎక్కువగా ఉంది అందులో. ఉరుక్కుంటూ వచ్చి, మద్దెల మీద పరిచి ఉన్న కదిరప్ప కుడిచేతి వేళ్ళ మీద చిడతలు రెండూ కలిపి కొట్టాడు. మూడు దెబ్బలు. మూడోదానికి పచ్చికట్టె విరిచినట్లు చప్పుడైంది. అప్పటికి తక్కినవాళ్ళు కూడా మీదపడ్డారు. జుట్టు పట్టుకుని ఈడ్చారు. డొక్కలో తన్నారు. "వాన రాకుండా చేసినావు గదరా నా కొడకా" అని ఒకడు అతని తలను గుంజకేసి కొట్టాడు.

నేను ఏం చేశానంటే, వాయించాను. గొంతెత్తి నామం అందుకున్నాను కూడా. ఆ కొంచెం సేపూ పందిట్లో నామం చెప్పింది నేనొక్కణ్ణే. నా పాట వింటూనే కదిరప్ప దొర్లుకుంటూ బిందె దగ్గరికి పోయాడు. ఎడమ చేత్తో బిందెను వంచి ముసలమ్మ నోటికి పెట్టాడు. సగం ఆమె మీద, సగం నేల మీద పోయాయి. ఆమె తాగింది. తర్వాత ఎప్పుడో లేచి, తల పట్టుకుని, మోపు అక్కడే వదిలేసి ఎండలోకి నడిచింది. ఆమె ఎటు పోయిందో నేను చూడలేదు. పెట్టె మెట్ల మీద నుంచి కళ్ళెత్తలేదు.

మిగిలిన నీళ్ళు మైలపడ్డాయని మూడు బిందెలూ మట్టిలో పారబోయించాడు ఆయన. ముసలమ్మ వదిలిన కట్టెలు మాత్రం ఏడో రోజు అన్నదానానికి పొయ్యిలోకి పనికొచ్చాయి.

ఆ ఏడో రోజు ఆయన నాకు శాలువా కప్పాడు. పందిరి నిండా జనం. "అడ్డం వచ్చినోడు వచ్చినాడు. నామం మాత్రం తెగలా. నిలబెట్టింది మన పెట్టె మాస్టరు" అని చెప్తూ ఏడ్చాడు. అందరూ గోవిందా అన్నారు. నేను తల వంచి కప్పించుకున్నాను.

వాన రాలేదు.

నెల తర్వాత ధర్మవరం పోయాను. కదిరప్ప ఇల్లు చిన్న గది, సగం గది మగ్గమే. మగ్గం మీద కదిరప్ప లేడు, అతని భార్య ఓబుళమ్మ కూర్చుని ఉంది. అంతకుముందు నూలు కండెలు చుట్టడం వరకే ఆమె పని. ఇప్పుడు మగ్గం గుంతలో కాళ్ళు పెట్టి నేస్తోంది. కదిరప్ప గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కుడిచేతి మూడు వేళ్ళు వంకరగా అతుక్కున్నాయి. వాటిని ఒళ్ళో దాచుకున్నాడు.

ఓబుళమ్మ నేత ఆపకుండానే అడిగింది. "ఆ పొద్దు నువ్వు యాడుంటివన్నా?"

"ఆడే ఉంటినమ్మా."

"ఎంత దూరంలో?"

"పక్కనే."

"ఏం చేస్తాంటివి?"

"వాయిస్తాంటి."

ఆమె చెయ్యి ఆగింది. నా వైపు తిరిగింది. "వాయిస్తాంటివా" అంది. కదిరప్పే, "ఇంగ ఇడిసిపెట్టు ఓబుళమ్మా. అన్నకు మజ్జిగియ్యి" అన్నాడు. ఆమె లేచి మజ్జిగ తెచ్చి నా ముందు పెట్టి, మళ్ళీ పోయి మగ్గం మీద కూర్చుంది. ఆ మజ్జిగ ఎట్లా తాగానో నాకు గుర్తు లేదు.

ఆ తర్వాత నేను భజనకు పోలేదు. పెట్టె తిత్తి చిరిగిందని కబురు చేశాను. బాగుచేయించడానికి దుడ్లు పంపించాడు ఆయన, వెనక్కి పంపేశాను. ఆరు నెలలు కనబడకుండా తప్పించుకు తిరిగాను.

ఒక ఉదయం ధర్మవరం పోదామని హిందూపురం స్టేషనులో నిలబడి ఉన్నాను. బెంగుళూరు నుంచి వచ్చిన బండి ఆగి ఉంది. ఎవరో స్వాములవారిని ఎక్కించడానికి ఆయన గుంపుతో వచ్చాడు. నన్ను చూశాడు. చూసినవాడు చూసినట్లే వచ్చి, అంత జనంలో, ఆ మట్టిలో సాష్టాంగం పడ్డాడు. నా కుడికాలు రెండు చేతులతో పట్టుకుని నుదురు ఆనించాడు. ఆయన కన్నీళ్ళు నా పాదం మీద వెచ్చగా తగిలాయి.

నాకూ ఏడుపొచ్చింది. తప్పు తెలుసుకున్నాడనుకున్నాను. "నా కాళ్ళు కాదు సామీ. కదిరప్ప ధర్మవరంలో ఉండాడు. ఇదో, బండి నిలబడుండాది. నాతో రా. ఒక్క మాట చెప్పి వద్దువు" అన్నాను.

ఆయన తలెత్తి నిజంగానే అర్థం కానట్లు చూశాడు. "వాని దగ్గరికి ఏంటికి మాస్టరూ? నామం తెంపినోడు వాడు. వాని మొగం చూస్తే నాకే పాపం. నీ కాళ్ళు ఏంటికి మొక్కుతాండాననుకుంటివి? ఆ పొద్దు అందురూ ఆపినారు. నువ్వు ఆపలా" అన్నాడు. మళ్ళీ నా పాదం మీద నుదురు పెట్టాడు.

కాలు లాక్కున్నాను. లాక్కుంటుంటే మడమ తగిలి ఆయన పెదవి చిట్లిందని తర్వాత ఊళ్ళో అందరితో చెప్పాను. తగల్లేదు. తన్నాను. ఉన్న బలమంతా పెట్టి నోటి మీద తన్నాను. వెల్లకిలా పడ్డాడు. పన్ను ఒకటి ఊడింది. ఇంకోసారి తన్నడానికి కాలు వెనక్కి తీశాను కూడా.

ఆయన లేచి కూర్చుని చేత్తో నోరు తుడుచుకున్నాడు. అరచేతిలో రక్తం చూసుకున్నాడు. ముఖం వెలిగిపోయింది. "సామి తన్నినాడు" అన్నాడు. "ఇన్నాళ్ళకు నన్ను తన్నినాడప్పా సామి. చూసినారా?" అని రక్తం నోటితోనే నామం ఎత్తుకున్నాడు. అదే గొంతు. అదే జీర. గుంపు గోవిందా అంది. పోర్టర్లు కూడా తలగుడ్డలు తీసి దండాలు పెట్టారు. నా కాలు గాల్లోనే ఉండిపోయింది. నన్నెవరూ పట్టించుకోలేదు, ఒక్కమాట తిట్టలేదు. బండి కూత వేస్తే పరుగెత్తి ఎక్కాను.

ఆ తర్వాత ఆయన చాలా ఏండ్లు బతికాడు. నేను మళ్ళీ ఎదురుపడలేదు.

ఆ రోజు ధర్మవరంలో దిగి నేరుగా కదిరప్ప ఇంటికే పోయాను. తన్నిన సంగతి చెప్పాను. అతను సంతోషిస్తాడనుకున్నానో ఏమో, పన్ను ఊడిన సంగతి రెండుసార్లు చెప్పాను. కదిరప్ప విన్నాడు. ఓబుళమ్మ కూడా మగ్గం ఆపి విన్నది.

"ఆ ముసిలామె ఏమయిందో తెలిసెనా అన్నా?" అని అడిగాడు కదిరప్ప.

ఆరు నెలల్లో కదిరప్ప వేళ్ళ గురించి, నా శాలువా గురించి, ఆయన గురించి ఎంత ఆలోచించానో లెక్కలేదు. ఆమె గురించి అడగాలని ఒక్కసారి కూడా తోచలేదు.

"పోయి అడుగుదాం పా" అన్నాడు.

ఆ వారమే ఇద్దరం పెనుకొండ పోయాం. కొండ దగ్గర, బజార్లో, కట్టెలమ్మే ఆడవాళ్ళు కూర్చునే చోటల్లా అడుగుతూ తిరిగాం. పేరు తెలియదు, ఊరు తెలియదు. తెల్లజుట్టు, బక్కమనిషి అని చెప్తే, "అందురూ అట్లే ఉంటారు గదప్పా" అని నవ్వారు. మూడో రోజు కొండదారిలో ఒక నడివయసు ఆమె మోపు దించుకుని అలుపు తీర్చుకుంటూ కనిపించింది. మేము చెప్పిందంతా విన్నది.

"తల పగిలిన ముసిల్దా? మా పక్క కొట్టంలోనే ఉండేది. ఎండలో పడి నడిసొచ్చింది ఆ పొద్దు. నాలుగు దినాలుండింది, పోయింది" అంది. "కొండ మీద కాలుజారి పడితి అనింది. దెబ్బలు సూస్తే పడినట్ల లేవు. ఎవురప్పా కొట్టింది?"

కదిరప్ప నా వైపు చూశాడు. ఆయన పేరు చెప్పడానికే నోరు తెరిచాను. "మా భజన గుంపే తల్లీ" అన్నాను.

"ఏంటికి?"

"నీళ్ళు తాగిందని" అన్నాడు కదిరప్ప.

ఆమె లేచి తలగుడ్డ సరిచేసుకుంది. ఆ బరువైన మోపు తలకెత్తాలంటే ఇంకొకరు చెయ్యి వెయ్యాలి. నేను ముందుకు వంగాను.

"వద్దులేప్పా" అంది.

మోకాళ్ళ మీద కూర్చుని, మోపును తొడల మీదికి లాక్కుని, అక్కడి నుంచి తనంతట తానే తలకెత్తుకుని లేచింది. రెండడుగులు తూలింది. తర్వాత నిలదొక్కుకుని కిందికి దిగిపోయింది.